పొంగు – కుంగు: ఒక మనోవ్యాధి, నర్సుల తోడు

జ్వరం వస్తే చెప్పుకుంటాము. చక్కెర వ్యాధి ఉంటే పెళ్ళి పంక్తిలో కూర్చుని కూడా "నాకు పాయసం వద్దండీ" అని అందరూ వినేటట్లు అంటాము. మనస్సుకు వచ్చే జబ్బును మాత్రం బీరువాలో పెట్టి తాళం వేస్తాము. ఈ అలవాటు మన తెలుగువారిదే కాదు. మనం కాపురం ఉంటున్న కన్నడ దేశంలోనూ, తమిళ దేశంలోనూ ఇదే వరస. అయితే తరాల తరబడి ఇతర భాషా ప్రాంతాలలో స్థిరపడిన మనవంటి వారికి ఇంకొక చిక్కు ఉన్నది. మనం సంబంధాలు కలుపుకొనే ఇళ్ళు కొద్ది. ఒక ఇంట్లో దగ్గితే పది ఇళ్ళలో వినబడుతుంది. అందువల్ల మన దాపరికం మరింత గట్టిది.

ఈ మాసం అట్లా దాచిపెట్టే జబ్బులలో ఒకదానిని గురించి రాయదలచాము. వైద్యులు దీనిని బైపోలార్ డిజార్డర్ అంటారు. 1899లో ఎమిల్ క్రేపెలిన్ అనే జర్మన్ వైద్యుడు ఉద్రేకం, విషాదం అనే రెండు అవస్థలూ వేర్వేరు రోగాలు కావనీ, ఒకే రోగానికి రెండు ముఖాలనీ తన పాఠ్యగ్రంథంలో నిర్ణయించి రెంటికీ కలిపి ఒకే పేరు పెట్టాడు. బైపోలార్ అనే పేరు 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం వారి వర్గీకరణతో వాడుకలో స్థిరపడింది. పత్రికలలో ద్విధ్రువ వ్యాధి అని రాస్తున్నారు గాని, ఆ మాట వింటే ఏ ఇల్లాలికీ ఏమీ బోధపడదని మా అభిప్రాయం. పాలు పొంగినట్లు మనిషి పొంగడం, ఆ పిమ్మట కుంగిపోవడం, ఇదే దీని స్వరూపం గనుక మేము పొంగు, కుంగు అనే రాస్తాము.

పొద్దున కోపం, సాయంత్రం నవ్వు ఉన్నంత మాత్రాన ఈ జబ్బు అనుకోరాదు. అట్లా అయితే మన ఇళ్ళలో దీనినుంచి తప్పించుకొనేవారు ఒక్కరూ ఉండరు. పొంగు వస్తే కనీసం వారం రోజులు, తరచు అంతకంటె ఎక్కువ కాలం ఉంటుంది. మనిషికి నిద్ర అక్కరలేకపోతుంది. రెండు గంటలు పడుకొని లేచి, అలసటే లేదంటాడు. మాట ఆగదు, ఒక విషయం మీదనుంచి మరొక విషయానికి దూకుతూ ఉంటుంది. తనకు చేతకాని పని లేదంటాడు. డబ్బు నీళ్ళవలె పోస్తాడు. అడ్డు వస్తే కసురుతాడు. ముదిరితే ఎవరూ అనని మాటలు చెవిన పడటం, తాను దైవాంశ గలవాడనని నమ్మటం కూడా ఉంటుంది. కుంగు వస్తే కనీసం రెండు వారాలు, సాధారణంగా నెలల తరబడి ఉంటుంది. మంచం దిగడు. తిండి సహించదు. స్నానం చేయటం కొండ ఎక్కినంత పని అవుతుంది. బ్రతికి ఏమి లాభమన్న ఆలోచన వెంటాడుతుంది. మొదటిసారి ఇది తలయెత్తేది చాలామందిలో పదిహేడు పద్దెనిమిదేళ్ళ నుంచి ఇరవయ్యైదేళ్ళ లోపల, అనగా చదువు ముగిసి, ఉద్యోగం కుదిరి, పెళ్ళి మాటలు నడిచే వయస్సులోనే.

ఈ రెండింటికీ నడుమ మనిషి మామూలుగా ఉంటాడు. నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు. లెక్కలు రాస్తాడు, పిల్లలను బడికి దింపుతాడు, వరసైనవారితో వేళాకోళం ఆడతాడు. ఇది ఈ జబ్బులోని అదృష్టం. ప్రమాదం కూడా ఇక్కడే ఉన్నది. బాగున్నవాడికి మాత్ర ఎందుకు అనే ప్రశ్న పుట్టేది బాగున్న రోజులలోనే గదా.

మా ఎరుకలోని ఒక ఇంటి సంగతి చెబుతాము. వారి ముత్తాతలు పలమనేరు వైపు నుంచి బెంగళూరు పేటకు వచ్చి బట్టల అంగడిలో కుదిరినవారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. ఆ ఇంటి రెండవ కుమారుడు ఇరవైమూడేళ్ళవాడు, మోటారు విడిభాగాల అంగడిలో లెక్కలు చూచేవాడు. ఒక వేసవిలో తెల్లవారుజామున మూడు గంటలకే లేచి ఇంటికి వెల్ల వేయడం మొదలుపెట్టాడు. తల్లి మొదట సంతోషించింది. ఇన్నాళ్ళకు బిడ్డకు బాధ్యత తెలిసిందనుకొన్నది. నాలుగవ నాటికి వీధి పిల్లలకని పన్నెండు సైకిళ్ళకు బయానా ఇచ్చి వచ్చాడు. ఆరవ నాటికి తెలుగు, కన్నడం, హిందీ కలిపి రాత్రంతా ఉపన్యాసం. దృష్టి తగిలిందని ఒకరు, గాలి సోకిందని ఒకరు అన్నారు. తాయెత్తు కట్టించారు, కొండకు మొక్కుకొన్నారు. మొక్కును తప్పు పట్టే అధికారం మాకు లేదు. ఆ తల్లి తర్వాత ఆ మొక్కు తీర్చుకొన్నది కూడా. కాని తాయెత్తును నమ్ముకొని కూర్చున్నందుకు పది రోజులు పోయినవి, సైకిళ్ళ బయానా పోయింది, వదినెగారిని అనరాని మాటలన్నీ అన్నాడు. పదకొండవ నాడు మేనమామ వచ్చి ఆసుపత్రికి తీసుకొనిపోయాడు.

అక్కడ వైద్యుడు రోజుకు ఒకసారి వచ్చి పావుగంట చూచేవాడు. తక్కిన ఇరవైమూడు గంటల ముప్పావు నర్సుల చేతిలోనే. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ లెక్కే. మన వాళ్ళు ఆసుపత్రి అంటే డాక్టరు పేరు చెబుతారు. నర్సు పేరు ఎవరికీ గుర్తుండదు.

ఆ వార్డులో కోలారు వైపు నుంచి వచ్చిన ఒక నడివయస్సు సిస్టర్ ఉండేది. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి. తొలి రాత్రి తల్లీ మేనమామా ఆ కుర్రవాడితో వాదిస్తూ ఉంటే పక్కకు పిలిచింది. "అమ్మా, వాదించవద్దండి. ఇప్పుడు మాట్లాడేది మీ బిడ్డ కాదు, జబ్బు. మీరు ఒకటంటే ఆయన పదంటాడు. 'సరే నాయనా, రేపు చూస్తాము' అనండి, అంతే చాలు." వచ్చిపోయే బంధువులను ఇద్దరికి మించి రానివ్వలేదు. దీపం తగ్గించింది. సెల్‌ఫోనూ, బ్యాంకు కార్డూ మేనమామ జేబులో ఉండేటట్లు ఏర్పాటు చేసింది. కుర్రవాడు కూర్చుని తినడు గనుక చపాతీ చుట్టి చేతికిచ్చేది, అరటిపండు ఇచ్చేది. అతడు పచార్లు చేస్తూ ఉండగానే గ్లాసుతో మజ్జిగ అందించేది. మాత్ర ఇచ్చి, నీళ్ళు తాగించి, "ఏదీ అన్నా, నోరు తెరువు" అని చూచిగాని కదిలేది కాదు. రాత్రి గంటగంటకూ వచ్చి నిద్రపోయాడా లేదా చూచి పుస్తకంలో రాసేది. రెండు గంటలు, రెండున్నర, నాలుగు, అయిదు, ఆరున్నర. మందు పట్టిందని వైద్యునికి మొదట చెప్పింది ఆ నిద్ర లెక్కే.

తిట్లు కూడా తిన్నది. మరునాడు ఆ తిట్ల ఊసు ఎత్తకుండా "ఏమి అన్నా, రాత్రి బాగా పండుకొంటివే" అని పలకరించేది. ఇదేమి సహనం అని మేనమామ అడిగితే నవ్వి, "దీనికే గదా మామా నాకు జీతం" అన్నదట. నిజానికి దీనికి చదువు ఉన్నది. బెంగళూరులో 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడిన పిమ్మట ఆ దశాబ్దంలోనే నర్సులకు మనోవైద్యంలో ప్రత్యేక శిక్షణ మొదలైంది. 1974 డిసెంబరు 27న ఆ సంస్థా, పాత మానసిక వైద్యశాలా కలిసి ఇప్పటి నిమ్హాన్స్ అయినవి. రోగి పక్కన ఇంటివారు ఉండాలనే పద్ధతికి కూడా మన దేశంలో మంచి చరిత్ర ఉన్నది. 1950 దశకంలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టరు విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి రోగుల బంధువులను వారితో పాటు ఉంచాడు. ఇంటివారు జబ్బును కళ్ళారా చూచి, నేర్చుకొని, రోగిని వెంట తీసుకొని పోయేవారు. ఇంటివారిని బరువు అనుకోక, పనికి వచ్చే చేతులు అనుకొన్న మొదటివారిలో ఆయన ఒకరు.

ఇక మాత్రల సంగతి. ఈ జబ్బుకు వాడే మందులు పలు రకాలు ఉన్నవి. వాల్ప్రోయేట్, క్వెటియపిన్, ఓలాంజపిన్, లామోట్రిజిన్ వంటివి మన చీటీలలో కనబడతవి. అన్నింటికంటె పాతదీ, ఇప్పటికీ ముఖ్యమైనదీ లిథియం. దీని కథ కొంత విపులంగా చెప్పవలసి ఉన్నది. ఎందుకంటే నర్సు తోడు ఎందుకు కావాలో ఈ కథలోనే ఉన్నది.

ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే మనోవైద్యుడు ఉండేవాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో జపానువారికి చిక్కి సింగపూరులోని చాంగీ శిబిరంలో బందీగా ఉండి బయటపడినవాడు. 1948లో మెల్‌బోర్న్ దగ్గర బుందూరాలోని ఆసుపత్రిలో, అయిదేళ్ళుగా పొంగు దిగని ఒక యాభై యేళ్ళ రోగికి లిథియం లవణం ఇచ్చి చూచాడు. కొద్ది వారాలలో ఆ మనిషి కుదుటపడ్డాడు. కొన్ని నెలలకు ఇంటికి పోయి పాత ఉద్యోగంలో చేరాడు కూడా. కేడ్ ఈ సంగతులను 1949లో ఆస్ట్రేలియా వైద్య పత్రికలో ప్రకటించాడు. ఇంతవరకు అందరూ చెప్పే కథే. తరువాతి భాగం చాలామంది చెప్పరు. ఇంటికి పోయిన ఆ రోగి బాగున్నాను గదా అని మాత్ర విషయంలో అశ్రద్ధ చేశాడు. ఆరు నెలలు తిరగకుండా పొంగు మళ్ళీ వచ్చి తిరిగి ఆసుపత్రిలో పడ్డాడు. మళ్ళీ లిథియం ఇచ్చారు. ఆ రోజులలో రక్తంలో లిథియం ఎంత ఉన్నదో కొలిచే ఏర్పాటు వైద్యులకు అందుబాటులో లేదు. 1950లో ఆ రోగి లిథియం విషమించి చనిపోయాడు.

మాత్ర మానితే ఒక ఆపద, మోతాదు మించితే మరొక ఆపద. రెండూ మొదటి రోగికే పట్టినవి. ఆ మందు లోకానికి మళ్ళీ నమ్మకంగా అందడానికి డెన్మార్కులో మోగెన్స్ షౌ ప్రభృతులు చేసిన పరిశోధనలూ, రక్తపరీక్షా కావలసి వచ్చినవి. అమెరికాలో దీనికి 1970లో గాని అనుమతి రాలేదు.

ఇప్పుడు ఆ కొలత నిర్దిష్టంగా ఉన్నది. రక్తరసంలో లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ వరకు ఉంటే మందు పని చేస్తున్నదని లెక్క. వయస్సు మళ్ళినవారికి ఇంకా తక్కువ చాలును. 1.5 దాటితే విషలక్షణాలు. అనగా మందుకూ విషానికీ నడుమ ఉన్న సందు చాలా ఇరుకు. రక్తం తీయవలసింది చివరి మాత్ర వేసుకొన్న పన్నెండు గంటలకు. రాత్రి తొమ్మిదింటికి వేసుకొంటే ఉదయం తొమ్మిదింటికి. ఉదయం మాత్ర ఉన్నవారు రక్తం ఇచ్చిన తర్వాతనే అది వేసుకోవలెను. ఈ చిన్న సంగతి చెప్పేది నర్సే. చెప్పకపోతే పరీక్ష అంతా వృథా. మోతాదు మార్చినప్పుడు వారం లోపల ఒకసారి, పిమ్మట మూడు నెలలకోసారి, నిలకడ చిక్కితే ఆరు నెలలకోసారి పరీక్ష. దానితో పాటు మూత్రపిండాలూ, థైరాయిడ్ గ్రంథీ సరిగా ఉన్నవా అని కూడా చూడవలెను.

ఉప్పు విషయం మన ఇల్లాళ్ళు ప్రత్యేకంగా గ్రహించవలసినది. లిథియం శరీరంలో కరిగి మారిపోయేది కాదు, మూత్రపిండాల ద్వారానే బయటికి పోవాలి. మూత్రపిండానికి మన ఉప్పులోని సోడియమూ, ఈ లిథియమూ దాదాపు ఒకే తీరుగా కనబడతవి. ఒంట్లో ఉప్పో నీరో తగ్గితే మూత్రపిండం ఉప్పును దాచుకోవాలని చూచి, దానితో పాటు లిథియాన్ని కూడా దాచుకొంటుంది. అప్పుడు మాత్ర ఒకటే అయినా రక్తంలో మందు పెరిగిపోతుంది. కనుక లిథియం వేసుకొనేవారు హఠాత్తుగా ఉప్పు మానరాదు. వాంతులు, విరేచనాలు పట్టుకొన్ననాడు, ఎండలో కాలినడకన కొండ ఎక్కి చెమటోడ్చిననాడు, నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం ఉండాలనుకొన్ననాడు ముందుగా ఆసుపత్రిలో అడగవలెను. మోకాళ్ళ నొప్పికని అంగట్లో కొనే ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు, కొన్ని రక్తపోటు మాత్రలు, నీరు తీసే మాత్రలు కూడా లిథియాన్ని పెంచుతవి. చెయ్యి కొద్దిగా వణకడం, దాహం, మూత్రం ఎక్కువగా పోవడం చాలామందికి ఉండేవే. కాని వణుకు ముతకగా మారి, వాంతులు, విరేచనాలు మొదలై, మాట ముద్దగా వచ్చి, నడక తూలితే తర్వాతి మాత్ర వేయక ముందే ఆసుపత్రికి పోవలెను. మరునాటికి చూద్దామనరాదు.

మన కుర్రవాడిని పంపించేటప్పుడు ఆ సిస్టర్ ఇవన్నీ ఒక్కసారే చెప్పలేదు. మూడు రోజులు, రోజుకు కొంచెం చెప్పి, మరునాడు తల్లి చేత మళ్ళీ చెప్పించుకొన్నది. తల్లికి కన్నడం మాట్లాడటం వచ్చును, చదవటం రాదు. ఆసుపత్రి కాగితం కన్నడంలో, ఇంగ్లీషులో ఉన్నది. అందువల్ల ఒక నలభై పేజీల నోటు పుస్తకంలో గళ్ళు గీసి, తెలుగులో పేర్లు రాసి ఇచ్చింది. తేదీ, ఎన్ని గంటలు నిద్ర, మాత్ర పడిందా, మనసు ఎట్లా ఉన్నది. మనసు గడిలో సున్న అంటే మామూలు, పైకి మూడు మెట్లు, కిందికి మూడు మెట్లు. చివరి గడి రక్తపరీక్షకు.

మరొక పని కూడా చేయించింది. కుర్రవాడినీ తల్లినీ వదినెనూ కూర్చోబెట్టి, మంచం ఎక్కించేంత జబ్బు రాకముందు మొదటి మూడు నాలుగు రోజులలో ఏమి జరిగిందో గుర్తు చేసుకొమ్మన్నది. ప్రతి మనిషికీ ఈ ముందు గుర్తులు వేరుగా ఉంటవట, ఒకే మనిషికి మాత్రం ప్రతిసారీ ఇంచుమించు అవే వస్తవట. ఇతడికి తేలినవి ఇవి: తెల్లవారక ముందే మెలకువ, అటకమీది సామాను దించి సర్దటం, పాత స్నేహితులందరికీ ఫోన్లు. కుంగుకు ముందు గుర్తు వదినె చెప్పింది. కాఫీ చల్లారిపోయేదాకా తాగడు అన్నది. అది ఇంకెవరూ గమనించలేదు. ఈ గుర్తులు రెండు రోజులు వరసగా కనబడితే గడువు తేదీ దాకా ఆగక వార్డుకు ఫోను చేయమని పుస్తకం అట్ట మీద రాసింది.

నిద్రను గురించి సిస్టర్లు ఇంత పట్టుపట్టడానికి కారణం ఉన్నది. నిద్ర తగ్గడం పొంగుకు గుర్తు మాత్రమే కాదు, పొంగును రప్పించేది కూడా. మన ఇళ్ళలో నిద్ర మానడం ఎంత సులభమో చూడండి. పెళ్ళికి రాత్రి బస్సు, పెళ్ళిలో రాత్రి ముహూర్తం, తిరుగు ప్రయాణం మళ్ళీ రాత్రి బస్సు. శివరాత్రికి జాగరణ. ఫ్యాక్టరీలో, కాల్ సెంటర్లలో రాత్రి డ్యూటీ. ఈ జబ్బు ఉన్నవారు పగటి బండిలో పోవటం, జాగరణ మిగిలినవారికి వదిలి పది గంటలకు పడుకోవటం మేలు. శివుడు ఏమీ అనుకోడని ఆ తల్లికి సిస్టరే చెప్పి ఒప్పించింది. బాలింతల విషయం ఇంకా జాగ్రత్తగా చూడవలెను. ఈ జబ్బు ఉన్న స్త్రీకి కాన్పు తర్వాతి మొదటి వారాలలో ఇది తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. రాత్రులు బిడ్డను ఎత్తుకొనే పని వేరొకరు చూచి, తల్లిని నిద్రపోనివ్వటం అక్కడ మందుతో సమానం. గర్భం రాక ముందే మందుల సంగతి వైద్యునితో మాట్లాడుకోవలెను. ముఖ్యంగా వాల్ప్రోయేట్ కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది. అట్లాగని ఎవరికి వారే మాత్ర ఆపరాదు.

కుంగులో నర్సు చేసే పని పైకి కనబడదు. మన కుర్రవాడికి ఇంటికి వచ్చిన మూడు నెలలకు కుంగు వచ్చింది. చేసిన పనులన్నీ గుర్తుకు వచ్చి సిగ్గుతో ముఖం గోడ వైపు తిప్పుకొని పడుకొన్నాడు. సైకిళ్ళ సంగతి తలచుకొని ఏడ్చేవాడు. బంధువులు "మగవాడివి, ధైర్యం తెచ్చుకోవాలి" అని ఉపదేశాలు చేసి పోయేవారు. ఆ ఉపదేశం విరిగిన కాలితో పరుగెత్తమనటం వంటిది. సిస్టర్ ఫోనులో అడిగింది వేరు: "అన్నా, చచ్చిపోవాలని అనిపిస్తున్నదా?" పక్కనున్న తల్లి అదిరిపడింది. అట్లా అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనకు భయం. పుట్టదు, లోపల ఉన్నదాన్ని బయటికి చెప్పుకొనే దారి దొరుకుతుంది. అతడు అవునన్నాడు. ఆ సాయంత్రమే తీసుకొని రమ్మన్నది.

ఈ విషయంలో ఇంటివారు తెలుసుకోవలసినవి ఉన్నవి. కుంగు అడుగున ఉన్నప్పటికంటె, కొంచెం తేరుకొని లేచి తిరుగుతున్నప్పుడు ప్రమాదం తక్కువ అనుకోరాదు. మనసు బాగుపడక ముందే ఒంటికి శక్తి వస్తుంది. బాగుపడ్డాడని అందరూ కాపలా ఎత్తివేసే వారం అదే. మాత్రలన్నీ ఒక్కసారి రోగి చేతికి ఇవ్వరాదు. రెండు మూడు రోజులకు సరిపడినవి బయట పెట్టి తక్కినవి ఇంకొకరి దగ్గర ఉండవలెను. లిథియం సక్రమంగా వేసుకొనేవారిలో ఆత్మహత్యలు తగ్గుతవని తేలింది గనుక, ఆ మాత్ర మానకుండా చూడటమే పెద్ద కాపలా.

తర్వాత పెళ్ళి మాట వచ్చింది. పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకొంటవని పెదనాన్న, మాత్రల సంగతి అటువారికి చెప్పవద్దని మేనత్త. ఆసుపత్రిలో సిస్టరును సలహా అడిగితే ఆమె నీతి బోధించలేదు. "మాత్ర దాచిపెట్టవలసిన ఇంట్లో మాత్ర సక్రమంగా పడదు. పెళ్ళి పది రోజులూ మానతాడు, నిద్ర ఉండదు, పదిహేనవ నాటికి మీరు మళ్ళీ నా దగ్గరికి వస్తారు" అన్నది. మొదటి సంబంధం చెప్పిన మరునాడే తప్పిపోయింది. కబురు నాలుగు ఇళ్ళకు పాకింది, ఆ మాట దాచవలసిన పని లేదు. రెండేళ్ళకు హోసూరు నుంచి ఇంకొక సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి తానే ఆసుపత్రికి వచ్చి గంటసేపు ప్రశ్నలు వేశాడు. పుట్టే పిల్లలకు వస్తుందా అని అడిగాడు. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డలలో నూటికి అయిదు నుంచి పది మందికి రావచ్చు, అనగా తొంభై మందికి పైగా రాదు అని చెప్పారు. పిల్ల కూడా విన్నది. పెళ్ళి పగటి ముహూర్తానికి జరిగింది.

అంతటితో కథ సుఖాంతమని రాస్తే అబద్ధం. పెళ్ళయిన ఏడాదికి పొంగు మళ్ళీ తల ఎత్తింది. రాత్రి రెండింటికి అతడు అటక సర్దుతూ ఉండటం చూచి, నోటు పుస్తకం అట్ట మీది మాట ప్రకారం భార్య ఫోను చేసింది. మందు మార్చారు, ఆసుపత్రిలో చేరకుండానే పది రోజులకు దిగింది. ఇప్పటికీ ఆమెకు ఫిర్యాదులు ఉన్నవి. చెయ్యి వణికి కాఫీ ఒలకబోస్తాడనీ, బరువు పెరిగాడనీ, పాత హుషారు లేదనీ. అతడికీ ఉన్నవి, మాత్ర లేని రోజులలో తెలివి ఎంత చురుకుగా ఉండేదో అంటాడు. సిస్టర్ ఈ ఫిర్యాదులను కొట్టివేయదు. రాసుకొని వైద్యునికి చూపిస్తుంది, మోతాదు సర్దించుతుంది. చెప్పుకొనే చోటు ఉన్నవాడు మాత్రను చాటుగా పారవేయడని ఆమె అనుభవం.

ఆఫీసులో సెలవు చీటీలు చూచే పని చేస్తున్న మాకు ఇంకొక సంగతి తెలుసును. మనసు బాగులేక నెల రోజులు రానివాడు చీటీలో "కామెర్లు" అని రాస్తాడు. భయం, ఉద్యోగం పోతుందని. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక వ్యాధి కూడా చేరింది. ప్రభుత్వ కొలువులో ఉండగా వైకల్యం వచ్చినవారిని ఆ కారణంగా తొలగించరాదని అందులో ఉన్నది. 2018 మే నుంచి అమలులో ఉన్న 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచవలెను. ఆ చట్టంలోనే, బాగున్న రోజులలో మనిషి తనకు జబ్బు తిరగబెడితే ఏ వైద్యం చేయాలి, ఏది వద్దు, తన తరఫున ఎవరు మాట్లాడాలి అని ముందుగా రాసిపెట్టుకొనే హక్కు ఉన్నది. మత్తు ఇవ్వకుండా విద్యుత్ చికిత్స చేయటాన్ని నిషేధించారు. సినిమాలలో చూచి బెదిరినవారు ఇది గమనించవలెను.

దూరపు ఊళ్ళలో ఉన్నవారు ఇదంతా బెంగళూరు వైభోగం అనుకోనక్కరలేదు. మనవారు చాలామంది ఉన్న బళ్ళారి జిల్లాలోనే 1985లో నిమ్హాన్స్ వారు పల్లెల వైద్యులకూ ఆరోగ్య కార్యకర్తలకూ మనోవ్యాధులను గుర్తించడంలో తర్ఫీదు ఇచ్చి, ఊరి దగ్గరే మందు అందే పద్ధతిని నడిపి చూపారు. ఆ నమూనా మీదనే 1996లో కేంద్ర ప్రభుత్వం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. 2022 అక్టోబరు నుంచి టెలి మానస్ అనే ఉచిత ఫోను సేవ ఉన్నది, నంబరు 14416. తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఇది చిన్న సౌకర్యం కాదు. అంగట్లో, ఆఫీసులో కన్నడమో తమిళమో ధారాళంగా మాట్లాడే మనవాడు కూడా కుంగు పట్టిననాడు ఇంటి భాషలోనే ఏడుస్తాడు. మన ఆడపిల్లలు నర్సు చదువుకు పోతామంటే ముఖం చిట్లించే పెద్దలు కొందరు ఇంకా ఉన్నారు. రెండు మూడు భాషలు ఇంట్లోనే నేర్చిన పిల్లకు ఆ వార్డులో ఎంత విలువ ఉన్నదో వారు ఒకసారి పోయి చూడవచ్చు.

మొదటిసారి ఆసుపత్రికి పోయేవారు పాత చీటీలు, ఖాళీ అయిన మాత్రల స్ట్రిప్పులు, రక్తపరీక్ష కాగితాలు ఒక సంచిలో వేసుకొని పోవలెను. ఇతర జబ్బులకు వేసుకొనే మాత్రలు, నాటుమందులు ఉంటే అవీ చూపవలెను. వెంట ఇంటి పెద్ద పోవటం మన ఆచారం గాని, రాత్రి రోగి పక్కన పడుకొనేవారెవరో వారు కూడా తప్పక పోవలెను. సిస్టర్ అడిగే మొదటి ప్రశ్న ఎన్ని గంటలు నిద్రపోయాడన్నది. దానికి జవాబు వారికే తెలుసును.